స్క్రోల్ చివర్లో వచ్చే ఆ చిన్న ‘జంప్’ ఖరీదెంత? ఫోన్ కంపెనీల పేటెంట్ గొడవల అసలు కథ

మీ ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఒక చిన్న పని చేయండి. సెట్టింగ్స్ ఓపెన్ చేసి లిస్ట్ చివరి దాకా స్క్రోల్ చేయండి. అక్కడ ఆగకుండా ఇంకా తోయండి. ఐఫోన్ అయితే లిస్ట్ మొత్తం రబ్బరు బ్యాండులా సాగి, వేలు తీయగానే వెనక్కి వచ్చి కూర్చుంటుంది. ఆండ్రాయిడ్ 12 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ అయితే అక్షరాలు, ఐకాన్లు కొంచెం సాగినట్టు అవుతాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఏదైనా బీరువాలో పడి ఉంటే అందులో కూడా చూడండి. అంచు దగ్గర ఒక వెలుగు కనిపించి మాయమవుతుంది, అంతే.

చేసే పని ఒక్కటే, కనిపించే తీరు మూడు రకాలు. మొదట్లో ఇది డిజైనర్ల టేస్ట్ తేడా అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, ఆ రబ్బరు బ్యాండు ఎఫెక్ట్ మీద యాపిల్‌కి పేటెంట్ ఉందని, 2012లో ఒక అమెరికన్ జ్యూరీ శాంసంగ్‌కి వేసిన దాదాపు 105 కోట్ల డాలర్ల బిల్లులో ఈ చిన్న జంప్‌కి కూడా వాటా ఉందని.

మనం ఎప్పుడూ ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ గురించే మాట్లాడుకుంటాం. కానీ ప్రతి ఫోన్‌లో స్పెక్ షీట్‌కి ఎక్కని పార్ట్ ఒకటుంది, అదే పేటెంట్. అది ఫోన్ ధర పెంచుతుంది, ఫీచర్ మారుస్తుంది, ఒక్కోసారి ఫోన్‌నే మార్కెట్లోంచి మాయం చేస్తుంది. ఈసారి దాని గురించి మాట్లాడుకుందాం.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందంటే

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చేస్తున్నాను. మా ఆఫీసులో పేటెంట్ ఐడియా ఇస్తే బోనస్ ఇస్తారు. రెండేళ్ల క్రితం నా దగ్గర ఒక ఐడియా ఉండేది. సర్వర్‌లో డేటాని ముందే ఊహించి సిద్ధంగా పెట్టే పద్ధతి. నిజంగా బాగా పనిచేసింది, మా సర్వీస్ స్పీడ్ పెరిగింది కూడా. ఉత్సాహంగా ఫారం తెరిచాను. సమస్య ఏంటి, ఇంతకు ముందు ఎవరు ఎలా పరిష్కరించారు, నీ దాంట్లో కొత్తదనం ఏంటి. ఇవన్నీ ఊహించినవే. ఆ తర్వాత ఒక ప్రశ్న వచ్చింది. ‘పోటీ కంపెనీ దీన్ని వాడితే, వాళ్ల ప్రొడక్ట్‌ని బయట నుంచి చూసి మనం పట్టుకోగలమా?’

పట్టుకోలేం. ఎవరి సర్వర్ లోపల ఏం నడుస్తోందో మనకెలా తెలుస్తుంది? నిజాయితీగా ‘లేదు’ అని రాశాను. నెల తర్వాత ‘ఐడియా బాగుంది, కానీ ముందుకు తీసుకెళ్లడం లేదు’ అని మెయిల్ వచ్చింది. బాధేసింది. అమ్మకి కూడా ముందే చెప్పేశాను మరి, నా పేరు మీద పేటెంట్ వస్తుందని!

ఆ ఒక్క ప్రశ్నే నాకు ఈ ప్రపంచం తలుపు తెరిచింది. పేటెంట్ విలువ ఐడియా ఎంత గొప్పదన్న దాని మీదే ఉండదు. అవతలివాడు వాడితే చూపించగలమా, ఆపగలమా అన్నది కూడా అంతే ముఖ్యం. ఈ కోణంలో చూస్తే ఫోన్ కంపెనీల గొడవలన్నీ చక్కగా అర్థమవుతాయి.

పేటెంట్ ఇచ్చేది తయారు చేసే హక్కు కాదు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పేటెంట్ ఉంటే ఆ వస్తువు తయారు చేసే హక్కు వచ్చినట్టు కాదు. ఇతరులు తయారు చేయకుండా ఆపే హక్కు వచ్చినట్టు. సాధారణంగా 20 ఏళ్లు ఉంటుంది. బదులుగా మీ ఆవిష్కరణ ఎలా పనిచేస్తుందో లోకానికి పూర్తిగా చెప్పాలి. గడువు అయ్యాక ఎవరైనా వాడుకోవచ్చు.

ఫోన్‌లో మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, పనితీరు మీద పేటెంట్: స్క్రోల్ చివర జంప్ అవ్వడం లాంటివి. రెండు, రూపం మీద డిజైన్ పేటెంట్: ఫోన్ ముందు భాగం, ఐకాన్ల వరసల అమరిక. మూడోది బయటికి కనిపించదు కానీ డబ్బులన్నీ దాంట్లోనే: 3జీ, 4జీ, 5జీ, వైఫై లాంటి స్టాండర్డ్స్‌లో తప్పనిసరిగా వాడాల్సిన పేటెంట్లు.

యాపిల్, శాంసంగ్: ఏడేళ్ల పోరు

2011 ఏప్రిల్‌లో యాపిల్ కాలిఫోర్నియాలో శాంసంగ్ మీద కేసు వేసింది. అప్పటికి ఐఫోన్‌లో వాడే చిప్‌లను యాపిల్‌కి తయారు చేసి ఇస్తున్నది కూడా శాంసంగే! పొద్దున కోర్టులో కొట్టుకుని సాయంత్రం పార్ట్స్ ఆర్డర్ పెట్టుకునే సంబంధం అన్నమాట.

2012 ఆగస్టు 24న జ్యూరీ యాపిల్ వైపు తీర్పు ఇచ్చింది. ఆ జంప్ పేటెంట్ విషయంలో అయితే యాపిల్ వేలెత్తి చూపిన శాంసంగ్ మోడళ్లన్నీ ఉల్లంఘించాయని తేల్చింది. స్టీవ్ జాబ్స్‌కి ఈ ఎఫెక్ట్ అంటే ఎంత ఇష్టమంటే, టాబ్లెట్ కోసం చేసిన డెమోలో ఈ రబ్బరు బ్యాండు స్క్రోలింగ్ చూశాకే దీంతో ఫోన్ చేయొచ్చన్న ఆలోచన వచ్చిందని 2010లో స్టేజి మీద చెప్పాడు. ఈలోగా శాంసంగ్ తన ఫోన్లలో జంప్ తీసేసి అంచున నీలం వెలుగు పెట్టింది.

కానీ కథ అక్కడ ముగియలేదు. జడ్జి ఆ పరిహారంలో కొంత కోసేశారు, మళ్లీ విచారణ జరిగింది, అప్పీల్లో ఇంకొంత తగ్గింది. చివరికి డిజైన్ పేటెంట్ల విషయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రశ్న చాలా సింపుల్. ముందు భాగం రూపం కాపీ కొట్టినందుకు ఫోన్ మొత్తం మీద వచ్చిన లాభం కట్టాలా, లేక ఆ భాగానికి తగ్గ లాభం కడితే చాలా? లాభాన్ని ఎప్పుడూ మొత్తం ఫోన్ మీదే లెక్కగట్టక్కర్లేదు, ఒక భాగం మీద కూడా లెక్కగట్టొచ్చు అని 2016 డిసెంబర్‌లో 8–0తో కోర్టు చెప్పింది.

2018 మేలో మరో జ్యూరీ కూర్చుని సుమారు 53.9 కోట్ల డాలర్లు ఫైనల్ చేసింది. అందులో దాదాపు 53.3 కోట్లు డిజైన్లకే. మన జంప్, దాంతో పాటు రెండుసార్లు తడితే జూమ్ అయ్యే ఫీచర్, ఈ రెండింటికీ కలిపి పడింది సుమారు 53 లక్షల డాలర్లు. మొత్తంలో ఒక్క శాతం! తర్వాతి నెలలోనే రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. ఎంతకి కుదిరిందో బయటికి చెప్పలేదు. అప్పటికి కేసులో ఉన్న ఫోన్లు ఏవీ షాపుల్లో లేవు.

అంటే ఏడేళ్లలో లాభపడింది ఎవరు? లాయర్లు అని జోక్ చేస్తుంటారు. ఒక మార్పు మాత్రం నిజం. ఆండ్రాయిడ్ కంపెనీలు ‘ఐఫోన్‌లా ఉండాలి’ అనే దారి వదిలి సొంత డిజైన్ వైపు వెళ్లాయి. అది మనకి మంచే చేసింది.

1996 నాటి పేటెంట్, 2012లో కస్టమ్స్ దగ్గర ఆగిన ఫోన్

శాంసంగ్ కథ అందరికీ తెలుసు. హెచ్‌టీసీ కథ తక్కువమందికి గుర్తుంటుంది. మెసేజ్‌లో ఫోన్ నంబర్ వస్తే అది లింక్‌గా మారి, దాన్ని తడితే కాల్ చేయాలా, సేవ్ చేయాలా అని అడుగుతుంది కదా? దాని మీద యాపిల్‌కి 1996లో అప్లై చేసిన పేటెంట్ ఉంది. అప్పటికి ఐఫోన్ రావడానికి ఇంకా పదకొండేళ్లు! 2011 డిసెంబర్‌లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఆ ఫీచర్ ఉన్న హెచ్‌టీసీ ఫోన్లను దిగుమతి చేసుకోకూడదని తీర్పు ఇచ్చింది. హెచ్‌టీసీ ఆ ఫీచర్ మార్చింది. అయినా 2012 మేలో దాని కొత్త వన్ ఎక్స్ ఫోన్లు అమెరికా కస్టమ్స్ దగ్గర తనిఖీ కోసం ఆగిపోయాయి. అదే నెలలో గెలాక్సీ ఎస్3 వస్తోంది. అలాంటి సమయంలో స్టాక్ షాపుకి చేరకపోతే ఏ కంపెనీకైనా ఎంత దెబ్బో వేరే చెప్పక్కర్లేదు. హెచ్‌టీసీ పడిపోవడానికి ఇదొక్కటే కారణం అనను, కానీ సాయం మాత్రం చేయలేదు.

ఇంకో విచిత్రం ‘స్లయిడ్ టు అన్‌లాక్’. స్వీడన్ కంపెనీ నియోనోడ్ ఐఫోన్ కంటే ముందే వేలితో జరిపి అన్‌లాక్ చేసే ఫోన్ తెచ్చింది. దాన్ని చూపించి 2015లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం యాపిల్ పేటెంట్ చెల్లదంది. అమెరికాలో మాత్రం అదే ఫీచర్ పేటెంట్ నిలబడింది. శాంసంగ్ మీద 2014లో వచ్చిన దాదాపు 12 కోట్ల డాలర్ల తీర్పులో అది కూడా ఉంది. ఆ కేసు అప్పీళ్లలో నలుగుతుండగానే, 2016లో ఐఓఎస్ 10తో యాపిలే స్లయిడ్ టు అన్‌లాక్‌ని తీసేసింది!

చప్పుడు లేకుండా సంపాదించిన మైక్రోసాఫ్ట్

విండోస్ ఫోన్ ఓడిపోయింది, కానీ మైక్రోసాఫ్ట్ ఆండ్రాయిడ్ మీద బాగానే సంపాదించింది. ఎలా? 2010లో హెచ్‌టీసీ, 2011లో శాంసంగ్, అలా ఒక్కొక్కరితో లైసెన్స్ ఒప్పందాలు చేసుకుంది. దాని చేతిలో ఉన్నవాటిలో మెమరీ కార్డుల్లో పొడవాటి ఫైల్ పేర్లు దాచే పద్ధతి మీద పేటెంట్ కూడా ఒకటి. తర్వాత ఇద్దరికీ గొడవ వచ్చి కోర్టు పత్రాలు బయటపడితే అప్పుడు తెలిసింది, ఒకే ఆర్థిక సంవత్సరంలో శాంసంగ్ మైక్రోసాఫ్ట్‌కి కట్టింది 100 కోట్ల డాలర్ల పైనే అని. యాపిల్ జ్యూరీ ముందు గెలిచిన మొదటి తీర్పు అంత మొత్తం, కోర్టు గడప తొక్కకుండానే, ఒక్క ఏడాదిలో!

గూగుల్‌కి అప్పట్లో సమస్య ఇదే. కొత్త కంపెనీ, చేతిలో పేటెంట్లు తక్కువ. 2011లో దివాలా తీసిన నార్టెల్ పేటెంట్లను వేలం వేస్తే యాపిల్, మైక్రోసాఫ్ట్, ఇంకొందరు కలిసి 450 కోట్ల డాలర్లకి కొనేశారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి గూగుల్ 1250 కోట్ల డాలర్లతో మోటొరోలా మొబిలిటీని కొంటున్నట్టు ప్రకటించింది. 2014లో ఆ ఫోన్ల బిజినెస్‌ని లెనోవోకి 291 కోట్లకి అమ్మేసి, పేటెంట్లలో ఎక్కువ భాగం తన దగ్గరే ఉంచుకుంది. ఫోన్ల కంటే ఫైళ్లే ముఖ్యం అన్నమాట.

కనిపించని అద్దె

ఇప్పుడు అసలు డబ్బు దగ్గరికి వద్దాం. మీ ఫోన్ ఏ బ్రాండ్‌దైనా 4జీ, 5జీ స్టాండర్డ్ ప్రకారం టవర్‌తో మాట్లాడాల్సిందే. ఆ స్టాండర్డ్‌లో ఎరిక్సన్, నోకియా, క్వాల్‌కామ్, హువావే లాంటి కంపెనీల ఆవిష్కరణలు వేల సంఖ్యలో ఉన్నాయి. స్క్రోల్ జంప్ వద్దనుకుంటే ఇంకో ఎఫెక్ట్ పెట్టుకోవచ్చు. వీటిని తప్పించుకునే దారే లేదు. అందుకే స్టాండర్డ్‌లో తమ టెక్నాలజీ చేరేటప్పుడే ఆ కంపెనీలు ‘న్యాయమైన, సమంజసమైన, వివక్ష లేని ధరకి అందరికీ లైసెన్స్ ఇస్తాం’ అని మాట ఇస్తాయి. ఏది సమంజసం అన్న దగ్గరే ప్రపంచమంతా కొట్టుకుంటోంది.

కొన్ని కంపెనీలు రేట్లు బహిరంగంగానే ప్రకటించాయి. 5జీ ఫోన్‌కి నోకియా గరిష్ఠంగా 3 యూరోలు. ఎరిక్సన్ 5 డాలర్లు, చవక ఫోన్లకి 2.5 దాకా తగ్గిస్తుంది. హువావే గరిష్ఠంగా 2.5 డాలర్లు. క్వాల్‌కామ్ అయితే 4జీ, 5జీ అన్నీ ఉన్న ఫోన్ ధరలో 3.25 శాతం, ధరని మాత్రం 400 డాలర్ల దాకానే లెక్కలోకి తీసుకుంటుంది.

కంపెనీ 120 డాలర్లకి అమ్మే ఒక చవక 5జీ ఫోన్ తీసుకోండి. క్వాల్‌కామ్‌కి 3.9, ఎరిక్సన్‌కి 2.5, హువావేకి 2.5, నోకియాకి మూడు డాలర్ల పైన. ప్రకటించిన గరిష్ఠ రేట్ల లెక్కన నలుగురికే 12 డాలర్లు, అంటే వెయ్యి రూపాయల పైమాటే, ఫోన్ ధరలో పదో వంతు! నిజంగా ఇంత కట్టరు. బేరాలు ఉంటాయి, పేటెంట్లు ఉన్న కంపెనీలు ‘నీది నేను వాడుకుంటా, నాది నువ్వు వాడుకో’ అని సర్దుబాటు చేసుకుంటాయి. మార్చుకోడానికి చేతిలో ఏమీ లేని చిన్న కంపెనీకే ఇబ్బంది. వాళ్లు క్యాష్ కట్టాలి.

బేరం కుదరకపోతే ఏమవుతుందో జర్మనీలో చూశాం. నోకియాతో లైసెన్స్ గడువు అయిపోయి ఒప్పో కొత్త ఒప్పందానికి రాలేదు. 2022లో జర్మన్ కోర్టులు నోకియా వైపు తీర్పిచ్చాక ఒప్పో, వన్‌ప్లస్ అక్కడ అమ్మకాలే ఆపేశాయి. 2024 జనవరిలో రాజీ కుదిరే దాకా కథ అంతే. యాపిల్ కూడా క్వాల్‌కామ్‌తో రెండేళ్లు పోరాడి 2019 ఏప్రిల్‌లో రాజీ పడింది. ఆ తర్వాత ఇంటెల్ మోడెమ్ బిజినెస్‌ని 100 కోట్ల డాలర్లకి కొని, 2025లో ఐఫోన్ 16ఈలో సొంత సీ1 మోడెమ్ పెట్టింది. చిప్ సొంతమైనా పేటెంట్ అద్దె పోదు, అది వేరే లెక్క.

మన దగ్గర జరిగింది

ఇదంతా అమెరికా, జర్మనీ గొడవ అనుకోకండి. 2013 మార్చిలో ఎరిక్సన్ ఢిల్లీ హైకోర్టులో మైక్రోమ్యాక్స్ మీద కేసు వేసింది. 2014 చివర్లో ఒక త్రైమాసికంలో శాంసంగ్‌నే దాటేసిందని కెనాలిస్ అంచనా వేసిన మైక్రోమ్యాక్స్ అది. అదే డిసెంబర్‌లో షావోమీ వంతు వచ్చింది. జూలైలోనే ఇండియాకి వచ్చి ఫ్లాష్ సేల్స్‌తో ఊపేస్తున్న షావోమీ అమ్మకాలకి కోర్టు బ్రేక్ వేసింది. అప్పుడు నేను ఇంటర్ ఫస్ట్ ఇయర్. మా హాస్టల్లో ఫోన్ నిషేధం, అయినా అందరి నోట్లో రెడ్‌మీ మాటే.

వారం రోజుల్లో కోర్టు కొంత సడలింపు ఇచ్చింది. క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లు అమ్ముకోవచ్చు, ఒక్కో ఫోన్‌కి 100 రూపాయలు డిపాజిట్ చేయాలి. కారణం, క్వాల్‌కామ్‌కి ఎరిక్సన్‌తో లైసెన్స్ ఉంది. మీడియాటెక్ చిప్ ఉన్న రెడ్‌మీ నోట్ 3జీకి మాత్రం ఆ వెసులుబాటు దొరకలేదు. ఫోన్ కొనేటప్పుడు స్నాప్‌డ్రాగనా, మీడియాటెకా అని మనం గేమింగ్ కోసం చూస్తాం. అప్పుడు ఆ తేడా ఫోన్ దొరుకుతుందా లేదా అన్నదే తేల్చింది. ఈ కేసు 2019లో రాజీతో ముగిసింది.

లావా కథ ఇంకా సాగింది. 2024 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఎరిక్సన్‌కి 244 కోట్ల రూపాయలు కట్టమని లావాని ఆదేశించింది. రాయల్టీని చిప్ ధర మీద కాకుండా ఫోన్ ధర మీదే, 1.05 శాతం లెక్కన కట్టింది. ఇది చిన్న విషయం కాదు. చిప్ ఖరీదు పది డాలర్లయినా, మీరు మంచి స్క్రీన్, మంచి కెమెరా పెట్టి ఫోన్ ధర పెంచితే నెట్‌వర్క్ పేటెంట్‌కి కట్టే రాయల్టీ కూడా పెరుగుతుంది. దాని మీద ఫోన్ కంపెనీల అభ్యంతరం ఎప్పటినుంచో ఉంది. ఆ నెట్‌వర్క్ లేకపోతే మీ ఫోన్ ఉత్త కెమెరానే కదా అన్నది అవతలి వాదన. రెండిట్లోనూ పాయింట్ ఉంది.

ఇండియన్ బ్రాండ్లు తగ్గిపోవడానికి పేటెంట్లే కారణం అంటే అది అబద్ధం. 2016లో జియో వచ్చి ఒక్కసారిగా అందరూ 4జీకి మారినప్పుడు మనోళ్ల దగ్గర 3జీ స్టాక్ మిగిలిపోయింది, చైనా కంపెనీలు ధరలో, సాఫ్ట్‌వేర్‌లో ముందున్నాయి. కానీ పేటెంట్ల వైపు నుంచి చూస్తే ఒక పాఠం ఉంది. వేరేవాళ్ల డిజైన్ తెచ్చి మీద లోగో వేసి అమ్మినంత కాలం బేరంలో కూర్చునేటప్పుడు టేబుల్ మీద పెట్టడానికి ఏమీ ఉండదు.

ఫోన్ కొనేవాళ్లకి ఇందులో ఏముంది?

ఒకటి, మీరు కొన్న ఫీచర్ ఎప్పటికీ అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2024 జనవరి నుంచి అమెరికాలో కొత్తగా అమ్మిన యాపిల్ వాచ్‌లలో రక్తంలో ఆక్సిజన్ చూపించే ఫీచర్ పనిచేయలేదు. మాసిమో కంపెనీతో పేటెంట్ గొడవే కారణం. సెన్సర్ లోపల ఉంది, సాఫ్ట్‌వేర్ ఆపేశారు. 2025 ఆగస్టులో లెక్కలు వాచ్‌లో కాకుండా ఐఫోన్‌లో చేసేలా మార్చి మళ్లీ తెచ్చారు. రెండు, ఒక బ్రాండ్ కొత్తగా మన మార్కెట్లోకి వచ్చి నమ్మలేనంత చవగ్గా అమ్ముతుంటే, లైసెన్సుల సంగతి ఏంటని ఒకసారి ఆలోచించండి. మూడు, ‘వాడు కాపీ కొట్టాడు’ అని ఫ్యాన్ వార్ మొదలుపెట్టే ముందు ఆ ఐడియా అంతకు ముందు ఎవరి దగ్గర ఉండేదో కూడా చూడండి.

నా అభిప్రాయం అడిగితే, రెండు రకాల పేటెంట్లనీ ఒకే గాటన కట్టలేను. 5జీ వెనక ఏళ్ల తరబడి రీసెర్చ్ ఉంది, దానికి డబ్బు అడగడం తప్పు కాదు, ఎంత అన్నదే ప్రశ్న. మెసేజ్‌లో నంబర్ తడితే మెనూ రావడం లాంటి వాటికి ఇరవై ఏళ్ల గుత్తాధిపత్యం ఇవ్వడం మాత్రం నాకు మింగుడు పడదు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ఈ విషయంలో కొంచెం తెలివిగా ఉంది. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి, అల్గారిథమ్‌కి పేటెంట్ ఇవ్వదు. అంతకు మించి నిజమైన సాంకేతిక ఫలితం చూపించాలి.

ఇంతకీ నా రెండో ఫారం ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో డ్రాఫ్ట్‌గా ఉంది. ఈసారి ఐడియా యాప్ స్క్రీన్ మీద కనిపించేదే. ఎవరైనా వాడితే అర నిమిషంలో పట్టుకోవచ్చు. ఆ ప్రశ్న దగ్గర ధైర్యంగా ‘అవును’ అని రాశాను. నిజం చెప్పాలంటే, మొదటి ఐడియాలో ఉన్న పనితనంలో ఇది సగం కూడా కాదు. ఇది ఖచ్చితంగా సెలెక్ట్ అవుతుందని మా టీమ్ లీడ్ అంటున్నాడు. బోనస్ వస్తుంది, రెజ్యూమేలో ఒక లైన్ పెరుగుతుంది, అమ్మకి చెప్పిన మాటా నిలబడుతుంది. కానీ రేపెప్పుడో ఒక చిన్న స్టార్టప్‌లో నాలాంటి కుర్రాడెవడో ఇదే ఐడియా సొంతంగా కనిపెట్టి, వాళ్ల కంపెనీకి నోటీస్ వస్తే తీసేయాల్సి వస్తుందేమో అనిపించి సబ్మిట్ మీద ఇంకా క్లిక్ చేయలేదు. ఈ నెలాఖరు దాకా టైమ్ ఉంది.